రెడ్ వైన్, రక్తనాళాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెడ్ వైన్ గుండెకు మంచిదని ఒకరంటారు, చుక్క ముట్టినా చేటేనని ఇంకొకరంటారు. ఇద్దరి వెనకా పరిశోధనలున్నాయి. చిక్కల్లా ఒక్కటే. మొదటివారు ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చిన పదార్థాల గురించి మాట్లాడుతుంటే, రెండోవారు అదే గ్లాసులో ఉన్న ఆల్కహాల్ గురించి మాట్లాడుతున్నారు. ఈ రెండింటినీ విడదీస్తే చాలా సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

రెడ్ వైన్‌లో రక్తనాళాల మీద పనిచేసే పదార్థాలు ఏవి?

అన్నిటినీ కలిపి పాలీఫినాల్స్ అంటారు. లీటరు రెడ్ వైన్‌లో ఇవి సుమారు 1 నుంచి 3 గ్రాముల దాకా ఉంటాయి. వైట్ వైన్‌లో 0.2, 0.3 గ్రాములుంటే ఎక్కువ. రంగునిచ్చే ఆంథోసయనిన్లు తొక్కలో ఉంటాయి. వగరునిచ్చే టానిన్లు తొక్కలోనూ ఉంటాయి, గింజల్లో మరీ ఎక్కువ. ద్రాక్ష గింజను పంటికింద నలిపితే నాలుక బిరుసెక్కిపోతుంది కదా, అది వీటి పనే. లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టించేస్తాయి, దాంతో నోట్లో జారుడు పోతుంది. ఈ టానిన్లలో పొట్టి గొలుసుల్లాంటివే ప్రోసయనిడిన్లు. వీటితోపాటు కాటెకిన్లు, క్వెర్సెటిన్, కొన్ని ఫినాలిక్ ఆమ్లాలు ఉంటాయి. పేరు అందరికంటే ఎక్కువ, పరిమాణం అందరికంటే తక్కువ ఉన్నది రెస్వెరట్రాల్. దాని సంగతి కింద విడిగా ఉంది.

వైట్ వైన్‌లో ఇవి ఎందుకు తక్కువ?

వైట్ వైన్‌కి ముందే రసం పిండి, తొక్కా గింజా తీసేసి, ఆ తర్వాత పులియబెడతారు. రెడ్ వైన్‌కి తొక్కలూ గింజలూ రసంలోనే కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా నానుతాయి. తేడా అంతా ఈ నానబెట్టడంలోనే ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రంగు మొదటి కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది, ఎందుకంటే ఆంథోసయనిన్లు నీళ్లలో కరుగుతాయి. గింజల్లోని ప్రోసయనిడిన్లు మాత్రం పులియడం ముదిరి, ఆల్కహాల్ తగినంత తయారయ్యాక గానీ సరిగ్గా దిగవు. తొందరగా వడకట్టేసిన వైన్ చూడ్డానికి ముదురుగానే ఉండొచ్చు, ప్రోసయనిడిన్లు మాత్రం తక్కువే ఉంటాయి. కాబట్టి రంగును చూసి లెక్కగట్టకండి. నోటికి తగిలే వగరు అంతకంటే నమ్మదగిన గుర్తు.

అసలు రక్తనాళంలో ఏం జరుగుతుంది?

ప్రతి రక్తనాళానికీ లోపలివైపు ఒకే ఒక్క కణం మందంతో ఒక పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. ఒకప్పుడు దీన్ని ఉత్త అస్తరు గుడ్డలా చూసేవారు. ఆ అభిప్రాయాన్ని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ప్రయోగం మార్చేసింది. కుందేలు పెద్ద ధమని ముక్కలను ద్రావణంలో వేలాడదీసి, ఒక మందుతో ముడుచుకునేలా చేసి, తర్వాత అసిటైల్‌కోలిన్ వేస్తే కొన్ని ముక్కలు వదులయ్యాయి, కొన్ని కాలేదు. వదులు కానివాటిలో, కోసి సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర రాపిడికి చెరిగిపోయిందని తేలింది. అంటే కండరాన్ని వదులు చేసే సంకేతం ఆ పల్చటి పొర నుంచే వస్తోందన్నమాట. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. ఈ పనికి 1998లో ఫర్చ్‌గాట్‌కు, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లతో కలిపి నోబెల్ వచ్చింది.

1993లో ఇదే పద్ధతిలో ఎలుక ధమని మీద వైన్‌నూ ద్రాక్ష తొక్క సారాన్నీ పరీక్షించారు. లోపలి పొర ఉంటే ధమని వదులైంది, పొర గీకేస్తే కాలేదు. పాలీఫినాల్స్ కండరాన్ని నేరుగా తాకడం లేదని, లోపలి పొర ద్వారానే పని చేయిస్తున్నాయని దీంతో అర్థమైంది.

లోపల జరిగే క్రమం ఇది. పాలీఫినాల్స్ తగిలినప్పుడు ఎండోథీలియం కణంలో ఏకెటీ అనే ఎంజైమ్ మేల్కొంటుంది. అది ఈనాస్ అనే ఇంకో ఎంజైమ్‌కు ఫాస్ఫేట్ తగిలించి దాని వేగం పెంచుతుంది. ఈనాస్ ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండర కణంలోకి చొరబడి సైక్లిక్ జీఎంపీ అనే సంకేత పదార్థాన్ని పెంచుతుంది, కండరం పట్టు సడలిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఆయుష్షు కొద్ది సెకన్లే. అందుకే అది నిరంతరం తయారవుతూ ఉండాలి.

మరో రెండు పనులు కూడా ప్రయోగశాలలో కనిపించాయి. నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేసే సూపర్ ఆక్సైడ్ తయారీని ఇవి తగ్గిస్తాయి. రక్తనాళాన్ని బిగించే ఎండోథీలిన్-1 అనే పదార్థం ఉత్పత్తినీ తగ్గిస్తాయి.

యాంటీ ఆక్సిడెంట్లు కాబట్టే మంచివంటారు, నిజమేనా?

ఆ మాట ప్రకటనలకు బాగుంటుంది. విటమిన్ సి లాంటివి రక్తంలో ఎంతో ఎక్కువ మోతాదులో ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి. వాటి ముందు వైన్ పాలీఫినాల్స్ మోతాదు లెక్కలోకి రాదు. ఇవి చేసేది ఫ్రీ రాడికల్స్‌ను ఊడ్చేయడం కాదు, కణాలకు సంకేతం ఇవ్వడం.

రక్తనాళం బాగుపడిందని మనుషుల్లో ఎలా కొలుస్తారు?

ఎక్కువగా వాడేది ఎఫ్ఎండీ అనే పరీక్ష. మోచేతి పైనున్న ధమని వెడల్పును ముందు అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. బీపీ పట్టీని ముంజేతికి కట్టి, పై బీపీ కంటే సుమారు 50 పాయింట్లు ఎక్కువకు గాలి కొట్టి, 5 నిమిషాలు రక్తం ఆపుతారు. వదలగానే రక్తం ఒక్కసారి ఉరుకుతుంది. ఆ ఒరిపిడికి లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, దాదాపు నిమిషం లోపు ధమని విప్పారుతుంది. ఎంత శాతం విప్పారిందో అదే ఫలితం. ఆరోగ్యవంతుల్లో 5 నుంచి 10 శాతం దాకా రావడం మామూలు.

చూడ్డానికి తేలిక, చేయడానికి కష్టం. 4 మిల్లీమీటర్ల ధమనిలో 5 శాతమంటే 0.2 మిల్లీమీటర్లు. ప్రోబ్ కాస్త జరిగినా, పొగ తాగి వచ్చినా, కాఫీ తాగినా, కొవ్వు ఎక్కువున్న భోజనం చేసినా ఫలితం తారుమారవుతుంది. అందుకని పది పదిహేను మంది మీద ఒక్కసారి చేసిన ఎఫ్ఎండీ ఫలితాలను కొంచెం ఆచితూచి చదవాలి.

మేలంతా రెస్వెరట్రాల్ వల్లే కదా?

కాదు. దీన్ని 1939–40 ప్రాంతంలో జపాన్ శాస్త్రవేత్త మిచియో తకావొకా ఒక హెల్లెబోర్ మొక్క వేరు నుంచి వేరుచేశారు. వైన్‌లో ఉందని 1992లో తెలిసింది. ద్రాక్ష తీగ బూజు సోకినప్పుడు ఆత్మరక్షణకు దీన్ని తయారుచేసుకుంటుంది. అందుకే పంట, వాతావరణం, రకం బట్టి మోతాదు బాగా మారుతుంది.

మామూలుగా లీటరుకు 2 మిల్లీగ్రాముల అటూఇటూ ఉంటుంది. మనుషుల మీద పరీక్షల్లో రోజుకు 150 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. 250 మిల్లీగ్రాములు వైన్ నుంచే రావాలంటే 125 లీటర్లు తాగాలి! ఇటలీలోని టస్కనీలో 783 మంది వృద్ధుల మూత్రంలో రెస్వెరట్రాల్ ఆనవాళ్లను కొలిచి, ఏళ్ల తరబడి గమనించి, 2014లో ఫలితాలు వెల్లడించారు. ఆహారం నుంచి అది ఎక్కువ అందినవారికీ తక్కువ అందినవారికీ గుండె జబ్బుల్లో గానీ మరణాల్లో గానీ తేడా కనిపించలేదు. పైగా ఈ రంగంలో పేరున్న ఒక పరిశోధకుడి పనిలో 145 చోట్ల కల్పిత, తారుమారు చేసిన సమాచారం ఉందని 2012లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం ప్రకటించింది. పాత వ్యాసాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మరి అసలు పనిచేసేది ఏది?

మా అంచనాలో ప్రోసయనిడిన్ల వైపే మొగ్గు ఎక్కువ. రోజర్ కార్డర్ బృందం 2006లో వైన్ సారాలను ఎండోథీలియం కణాల మీద పరీక్షించి, ఎండోథీలిన్-1ను తగ్గించే శక్తి ప్రోసయనిడిన్ల మోతాదుతోపాటే పెరుగుతోందని చూపింది. నైరుతి ఫ్రాన్స్ నుంచి, సార్డీనియాలోని నువోరో నుంచి వచ్చిన సంప్రదాయ వైన్‌లలో ఇవి ఎక్కువగా కనిపించాయి. నైరుతి ఫ్రాన్స్‌లో పండే టన్నాట్ ద్రాక్షకు వగరు బాగా ఎక్కువ, నానబెట్టే కాలమూ ఎక్కువే. అయితే ఇది గాజుపాత్రలోని కణాల మాట. ఒంట్లో కథ వేరు.

గ్లాసులో ఉన్నదంతా రక్తంలోకి చేరుతుందా?

చాలా ఆశలు ఇక్కడే నీరుగారిపోతాయి. 25 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్ మింగించి చూస్తే దాదాపు 70 శాతం పేగు దాటి లోపలికి వెళ్లింది. కానీ రూపం మారకుండా రక్తంలో మిగిలింది మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల కంటే తక్కువ. పేగు గోడలోనూ కాలేయంలోనూ దానికి గ్లూకురోనిక్ ఆమ్లం, సల్ఫేట్ తగిలించి శరీరం బయటికి పంపేస్తుంది. ఆ 5 నానోగ్రాములంటే సుమారు 20 నానోమోలార్. ప్రయోగశాలలో కణాల మీద వేసేది చాలాసార్లు 10 నుంచి 100 మైక్రోమోలార్ దాకా ఉంటుంది (1 మైక్రోమోలార్ అంటే 1000 నానోమోలార్). అంటే 500 నుంచి 5000 రెట్లు ఎక్కువ. అందుకే 'కణాల మీద పనిచేసింది' అనే వార్త కనిపిస్తే ముందు మోతాదు వెతకండి.

ప్రోసయనిడిన్లలో కాస్త పొడవైన గొలుసులు పేగులో ఇంకవు. పెద్దపేగు దాకా వెళ్తాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని ముక్కలు చేసి వేలెరోలాక్టోన్లు, చిన్న ఫినాలిక్ ఆమ్లాలుగా మారుస్తుంది. ఇవి తాగిన కొన్ని గంటల తర్వాత రక్తంలోకి వస్తాయి. ఎవరి పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉందో దాన్ని బట్టి ఈ మోతాదు మారుతుంది. ఒకే పానీయం ఇద్దరిలో రెండు రకాలుగా పనిచేయడానికి ఇదొక కారణం.

ఆల్కహాల్ సంగతేమిటి? అది కూడా రక్తనాళాలను విప్పారుస్తుంది కదా?

విప్పారుస్తుంది, ఆ తర్వాత బిగిస్తుంది. 30 గ్రాములకు మించి తాగితే మొదటి 12 గంటల్లో బీపీ తగ్గి, 13 గంటలు దాటాక పెరుగుతుంది. గుండె వేగం మాత్రం మొత్తం 24 గంటలూ ఎక్కువగానే ఉంటుంది. 'రాత్రి తాగాక చూశాను, బీపీ దిగింది' అని సంబరపడేవారు చూసింది సగం కథ మాత్రమే.

మీ గ్లాసులో ఆల్కహాల్ ఎంతో లెక్కగట్టడం తేలిక: మిల్లీలీటర్లు × సీసా మీది శాతం ÷ 100 × 0.789. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లంటే 14 గ్రాములు. అదే 14.5 శాతమైతే 17 గ్రాములు దాటుతుంది. పెద్ద గ్లాసులో కొలవకుండా పోస్తే 150 కాస్తా 220, 250 అవుతుంది. ఎక్కువమంది తప్పేది ఈ లెక్కలోనే. ఒకసారి కొలజాడీతో పోసి, గ్లాసులో ఆ మట్టం ఎక్కడికి వస్తుందో చూసిపెట్టుకోండి.

ఆస్ట్రేలియాలో ఆరోగ్యంగా ఉన్న 24 మంది మగవారికి నాలుగేసి వారాలు రోజూ 375 మిల్లీలీటర్ల రెడ్ వైన్, అంతే పరిమాణంలో ఆల్కహాల్ తీసేసిన రెడ్ వైన్, లేదా 1125 మిల్లీలీటర్ల బీరు ఇచ్చి చూశారు. మెలకువగా ఉన్నప్పటి పై బీపీ రెడ్ వైన్‌తో 2.9, బీరుతో 1.9 పాయింట్లు పెరిగింది. ఆల్కహాల్ లేనిదానితో పెరగలేదు. పాలీఫినాల్స్ అన్ని ఉన్నా, ఆల్కహాల్ చేసిన పనిని అవి ఆపలేకపోయాయి.

గుండె లయ విషయం ఇంకా తీవ్రం. 2021లో వెలువడిన, 1,07,845 మందిని గమనించిన అధ్యయనంలో రోజుకు 12 గ్రాముల ఆల్కహాల్‌తోనే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది.

ఆల్కహాల్ తీసేసిన రెడ్ వైన్ అయితే?

ఈ మొత్తం చర్చలో ఆసక్తికరమైన ఫలితం ఇక్కడే వచ్చింది. 2012లో స్పెయిన్‌లో గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న 67 మంది మగవారికి వంతులవారీగా నాలుగేసి వారాలు రెడ్ వైన్, ఆల్కహాల్ తీసేసిన అదే వైన్, జిన్ ఇచ్చారు. ఆల్కహాల్ తీసేసిన వైన్‌తో పై బీపీ సుమారు 6, కింది బీపీ 2 పాయింట్లు తగ్గాయి, రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగింది. మామూలు రెడ్ వైన్‌తో చెప్పుకోదగ్గ మార్పు లేదు. జిన్‌తోనూ లేదు. వైన్ రోజు మోతాదు సుమారు 270 మిల్లీలీటర్లు.

అదే ఏడాది వచ్చిన ఇంకో పరీక్షలో బీపీ కాస్త ఎక్కువున్నవారికి వైన్ పాలీఫినాల్స్‌ను 280, 560 మిల్లీగ్రాముల చొప్పున పాల పానీయంలో కలిపి ఇస్తే బీపీ కదల్లేదు. పాల ప్రోటీన్లు పాలీఫినాల్స్‌ను పట్టుకోవడం ఒక కారణం కావొచ్చు. ఏమైనా స్పెయిన్ ఫలితాన్ని వైద్యంగా తీసుకోవద్దు, మంచి సూచనగా తీసుకోండి.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. మొదటిది, సీసా మీద 'ఆల్కహాల్ తొలగించిన వైన్' అని ఉండాలి. 'ఆల్కహాల్ లేని ద్రాక్ష పానీయం' అంటే తరచూ తొక్కతో నానబెట్టని ఉత్త రసమే, అందులో మనకు కావలసినవి ఉండకపోవచ్చు. రెండోది చక్కెర. ఆల్కహాల్ తీసేస్తే రుచి పల్చబడుతుంది, ఆ లోటు పూడ్చడానికి ద్రాక్ష గాఢరసం కలుపుతారు. 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాములో చదివి, తక్కువున్నది తీసుకోండి. 0.5 శాతం దాకా ఆల్కహాల్ మిగిలే వీలుంది. మద్యం పూర్తిగా మానుకున్నవారు, గర్భిణులు దీన్ని గమనించాలి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో ముగించండి. ఆల్కహాల్ కాపాడదు కాబట్టి తొందరగా పాడవుతుంది.

ఫ్రాన్స్‌లో కొవ్వు తిన్నా గుండె జబ్బులు తక్కువ కదా, అది వైన్ వల్ల కాదా?

1992లో సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ 'ద లాన్సెట్'లో రాసిన వ్యాసంతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత అభ్యంతరాలు చాలా వచ్చాయి. ఫ్రాన్స్‌లో గుండె జబ్బు మరణాలను తక్కువగా నమోదు చేసేవారని కొందరన్నారు. అక్కడ కొవ్వు వాడకం పెరిగింది ఈమధ్యే, ఫలితం కనబడటానికి దశాబ్దాలు పడుతుందని ఇంకొందరన్నారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, 'అసలు తాగనివారు' అనే గుంపులో జబ్బు చేసి మానేసినవారు కూడా కలిసిపోవడం. అలాంటి గుంపు పక్కన మితంగా తాగేవారు ఆరోగ్యంగా కనబడటంలో వింతేముంది? జన్యువుల ఆధారంగా ఈ తికమకలను తగ్గించి, యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ ఆరోగ్య సమాచార నిధిలోని 3,71,463 మంది సమాచారాన్ని 2022లో విశ్లేషిస్తే, కొద్దిగా తాగడం వల్ల రక్షణ కనబడలేదు. తాగుడు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది.

తాగితే ముఖం ఎర్రబడి వెచ్చగా అనిపిస్తుంది. రక్తనాళాలు తెరుచుకున్నట్టేగా?

చర్మంలోని నాళాలు తెరుచుకున్నాయి, అంతే. దానికి కారణం ఆల్కహాల్, అది విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్. ఒక్క గ్లాసుకే ముఖం కందిపోయి గుండె దడదడలాడేవారిలో దాన్ని శుభ్రం చేసే ఎంజైమ్ జన్యుపరంగా బలహీనం. వీరు తాగుడు కొనసాగిస్తే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఆ ఎరుపు ఆపమని చెప్పే గుర్తు.

పాత వైన్ ఇంకా మంచిదా?

రుచికి కావొచ్చు. ఈ పదార్థాల విషయంలో కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆంథోసయనిన్లూ టానిన్లూ ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, కొంత అడుగున మడ్డిగా దిగుతుంది. వగరు తగ్గి మెత్తబడిందంటున్నామంటే, జరిగింది ఇదే.

రెస్వెరట్రాల్ మాత్రలు వేసుకోవచ్చా?

రక్తనాళాల కోసమైతే మేం సిఫారసు చేయం. డెన్మార్క్‌లో సుమారు 65 ఏళ్ల వయసున్న 27 మంది మగవారితో 8 వారాలు గట్టిగా వ్యాయామం చేయించి, సగం మందికి రోజుకు 250 మిల్లీగ్రాములు ఇచ్చారు. మాత్ర వేసుకున్నవారిలో వ్యాయామం వల్ల రావలసిన మేలు కొంత తగ్గింది! 1 గ్రాము దాటితే విరేచనాలు, వికారం మామూలు. మాత్రలు ఎక్కువగా నాట్‌వీడ్ అనే మొక్క వేరు నుంచి తీస్తారు. సరిగా శుద్ధి చేయకపోతే అందులోని ఎమోడిన్ కూడా విరేచనకారే. ఎంత శాతం ట్రాన్స్-రెస్వెరట్రాల్ అనేది రాయని డబ్బా ముట్టుకోకండి.

మందులు వాడుతున్నాను. దేనితో జాగ్రత్త?

ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్, ప్రోస్టేట్ కోసం వాడే ఆల్ఫా బ్లాకర్లు, అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్: వీటితో ఆల్కహాల్ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఆల్కహాల్‌తోనూ రెస్వెరట్రాల్ మాత్రలతోనూ రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ ఉంటే ఈ మాత్రల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఎంఏఓ ఇన్హిబిటర్లు (డిప్రెషన్ లాంటివాటికి ఇచ్చే ఒక రకం మందులు) వాడేవారికి వైన్‌లోని టైరమిన్ వల్ల బీపీ ప్రమాదకరంగా ఎగబాకవచ్చు.

ఇవి వైన్ లేకుండా దొరకవా?

దొరుకుతాయి. నల్ల ద్రాక్ష తొక్కతో, వీలైతే గింజ నమిలి తినండి. బెర్రీలు, తొక్కతో యాపిల్, కోకో, టీ అన్నిటిలో ఇదే కుటుంబం పదార్థాలున్నాయి. 1999లో గుండె ధమనుల జబ్బున్న 15 మందికి 14 రోజులు ఊదా ద్రాక్షరసం ఇస్తే ఎఫ్ఎండీ 2.2 నుంచి 6.4 శాతానికి పెరిగింది. చిన్న అధ్యయనం, పోల్చడానికి వేరే గుంపు కూడా లేదు. పైగా ఆ రసంలో 200 మిల్లీలీటర్లకు 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. షుగరు ఉన్నవారికి పండే నయం.

కోకో మీద సాక్ష్యం ఇంకాస్త గట్టిది. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సాగే గుణాన్ని నిలుపుతాయనే మాటను యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. 21,442 మందితో జరిగిన కాస్మోస్ పరీక్షలో మాత్రం రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా, మొత్తం గుండె, రక్తనాళాల ఘటనలు లెక్కకు నిలిచేంత తగ్గలేదు. అయితే వాటి వల్ల వచ్చే మరణాలు 27 శాతం తక్కువగా నమోదయ్యాయి.

రోజుకు ఎంత తాగితే ఫరవాలేదు?

రక్తనాళాల మేలు కోసమైతే సున్నా. తాగని వారు ఇందుకోసం మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. ఆల్కహాల్ పానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. రుచి కోసం తాగేవారు అది రుచి కోసమేనని ఒప్పుకుని తక్కువతో సరిపెట్టుకోవడం నిజాయితీ అయిన లెక్క.

నా బీపీ మీద వైన్ ప్రభావం ఎంతో ఇంట్లో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. రోజూ ఎక్కువ మోతాదులో తాగేవారు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా ముందు డాక్టరును కలవాలి, లేకపోతే వణుకు, ఫిట్స్ లాంటివి రావచ్చు. మిగతావారు మామూలుగా తాగే వారం ఒకటి, తర్వాత అసలు తాగని రెండు వారాలు పెట్టుకోండి. మందులేవీ సొంతంగా మార్చకండి. పైచేతికి కట్టే మిషన్ వాడండి. పట్టీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి, బిగుతైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. చూసే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రం పోసుకుని వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు, పొద్దున్నా సాయంత్రమూ చూసి రాసుకోండి. ప్రతి దశలో మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. పోల్చవలసింది ముఖ్యంగా పొద్దుటి అంకెలను, ఎందుకంటే రాత్రి తాగినదాని రెండో సగం బయటపడేది అప్పుడే. తాగని రెండో వారంలో పొద్దుటి సగటు 4, 5 పాయింట్లు దిగిందంటే, గ్లాసులోని పాలీఫినాల్స్ మీ విషయంలో ఆల్కహాల్‌కు అడ్డుపడటం లేదన్నట్టే. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.